బొంబాయి నేల, బొంబాయి తెర: వాట్సన్ హోటల్ నుంచి లిబర్టీ దాకా

తెరవెనుక రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. 1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటల్లో లూమియేర్ సోదరుల యంత్రంతో తొలి చలనచిత్ర ప్రదర్శన జరిగిందన్నది మనమందరం ఎక్కడో ఒకచోట చదివిన సంగతే. సినిమా చరిత్రకారులు ఆ తేదీని పట్టుకుని, హోటల్ పేరును కేవలం ఒక చిరునామాగా చెప్పి ముందుకు సాగిపోతారు. కట్టడాల చరిత్రకారులు ఆ ఇనుప భవనం గురించి పేజీలకు పేజీలు రాసి, సినిమా సంగతిని చివర ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఈ రెండూ ఒకే చరిత్ర అని నా వాదన. ఆ నగరంలో కొత్త నేల ఏర్పడినప్పుడల్లా కొత్త తరహా కట్టడం లేచింది, ఆ కట్టడాన్ని వెతుక్కుంటూ తెర అక్కడికి వెళ్లింది.

మొదటి నేల కోటగోడలను కూల్చడం వల్ల వచ్చింది. 1860లలో అమెరికా అంతర్యుద్ధం మూలంగా ఇంగ్లండు మిల్లులకు అమెరికా పత్తి అందకపోవడంతో బొంబాయి పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. ఆ డబ్బు వెల్లువలోనే గవర్నర్ బార్టిల్ ఫ్రెయర్ పాత కోటగోడలను పడగొట్టించి, వాటి ముందున్న ఎస్ప్లనేడ్ మైదానం అంచున స్థలాలను వేలానికి పెట్టించాడు. అలాంటి ఒక స్థలాన్ని బట్టల వ్యాపారి జాన్ వాట్సన్ కొన్నాడు. హైకోర్టు, విశ్వవిద్యాలయం, రాజాబాయి గోపురం వంటి గోథిక్ శైలి (మొనదేలిన కమానులు, చెక్కిన రాళ్లతో ఉండే యూరపు శైలి) రాతి కట్టడాలు లేచింది కూడా ఆ వరుసలోనే.

ముప్పై ఏళ్ల తర్వాత అదే వరుసలో తెర కట్టారు. టికెట్టు ఒక రూపాయి. సాయంత్రం 6, 7, 9, 10 గంటలకు నాలుగు ఆటలు. చూపిన ఆరు చిన్న చిత్రాలలో స్టేషనులోకి వచ్చే రైలు, ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చే కార్మికులు, సముద్రస్నానం ఉన్నాయి. వాటితోపాటు ఒక గోడను కూలీలు పడగొట్టే చిత్రం కూడా ఉంది. గోడ కూల్చగా అంగడికి వచ్చిన నేల మీద గోడ కూల్చివేతనే మొదటి వినోదంగా చూపడం యాదృచ్ఛికమే కావచ్చు గానీ, నాకు మాత్రం ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది.

కట్టడాల విషయం తెలిసిన సభ్యులు ఈ వాదనలో బలమెంతో చెప్పాలని కోరుతున్నాను.

రాతిగోడ రాశారు:

తెరవెనుక గారూ, వాట్సన్ హోటల్ గురించి చెప్పాల్సింది చాలా ఉంది. దాని నమూనాకర్త రోలండ్ మేసన్ ఆర్డిష్ లండన్ సెయింట్ పాంక్రాస్ రైల్వేస్టేషన్ పైకప్పు నిర్మాణంలో పాలుపంచుకున్న ఇంజనీరు. లండన్‌లోని ఆల్బర్ట్ వంతెన కూడా ఆయనదే. అంటే హోటళ్లు కట్టే మనిషి కాదు, దూలాలు, వంతెనలు లెక్కగట్టే మనిషి. 1867–69 మధ్య ఇంగ్లండులో పోతపోసిన ఇనుప స్తంభాలను, దూలాలను, వరండా పలకలను ఓడల్లో తెచ్చి ఎస్ప్లనేడ్ మీద నిలబెట్టి బోల్టులు బిగించారు. గోడల్లో ఇటుకను నింపారు గానీ బరువు మోసేది ఇటుక కాదు, ఇనుప చట్రం. ఈనాడు మనం కాంక్రీటు స్తంభాల మధ్య ఇటుక నింపి కట్టే ప్రతి అపార్టుమెంటుదీ ఇదే సూత్రం. తొలి ఆకాశహర్మ్యంగా చెప్పుకునే హోమ్ ఇన్సూరెన్స్ భవనం చికాగోలో లేచింది 1885లో. దానికి పదిహేనేళ్ల ముందే బొంబాయిలో బహుళ అంతస్తుల నివాస భవనం ఇనుప చట్రం మీద నిలబడి ఉందంటే ఆ కట్టడం స్థాయి ఏమిటో తెలుస్తుంది.

చుట్టుపక్కలున్న గోథిక్ రాతి భవనాల మధ్య అది ఒక పరాయి వస్తువులా ఉండేది. రాతి భవనం బలాన్ని గోడ మందంలో చూపుతుంది. వాట్సన్ తన ఎముకలను వీధికి చూపింది. స్తంభానికి స్తంభం మధ్య బారుగా సాగే వరండాలు, వాటి వెనుక వరుస గదులు, సన్నటి ఇనుప కటకటాలు తప్ప పెద్ద అలంకారమేమీ లేదు.

అయితే సినిమా అక్కడికి ఆ ఇనుమును వెతుక్కుంటూ వచ్చిందని మాత్రం నేను అనలేను. లూమియేర్ యంత్రం గొప్పతనం దాని చిన్నతనంలోనే ఉంది. చేతితో తిప్పే ఆ పెట్టెతోనే చిత్రం తీయవచ్చు, ప్రతి ముద్రించవచ్చు, తెర మీద వేయవచ్చు. ఒక్కో చిత్రం దాదాపు 17 మీటర్ల పొడవు, ఒక నిమిషం లోపు నిడివి. దానికి ప్రత్యేకమైన భవనం అక్కరలేదు, చీకటి గది ఒకటి ఉంటే చాలు. ఆ ప్రదర్శన జరిపిన మారియుస్ సెస్టియే ఆస్ట్రేలియాకు వెళుతూ దారిలో బొంబాయిలో దిగిన ప్రతినిధి. ఓడ ప్రయాణికుడికి హోటలే సహజమైన వేదిక.

గిర్గావ్‌వాసి రాశారు:

రాతిగోడ గారి ఆఖరి పేరాతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. ఇంకొక అడుగు ముందుకు వేస్తాను. వాట్సన్‌కు సినిమా చరిత్రలో ఇస్తున్న పీట మరీ ఎత్తుగా ఉంది. అది ప్రధానంగా తెల్లవారి హోటల్. 1896లో రూపాయి టికెట్టు అంటే మిల్లు కార్మికుడు గుమ్మం దాకా కూడా రాలేని ధర. ఆ ప్రదర్శన ఒక ముచ్చటగానే ముగిసి ఉంటే ఇవాళ మనం దాని గురించి మాట్లాడుకునేవాళ్లమే కాదు.

అసలు మలుపు వారం తర్వాత వచ్చింది. జూలై 14 నుంచి ప్రదర్శనలు నావెల్టీ థియేటరుకు మారి ఆగస్టు మధ్య వరకు సాగాయి. అక్కడ ధరలు రెండు రూపాయల నుంచి నాలుగణాల వరకు అంచెలంచెలుగా పెట్టారు. పరదా పాటించే కుటుంబాల స్త్రీల కోసం ప్రత్యేకంగా బాక్సులు కేటాయించారు. ఈ రెండు ఏర్పాట్లూ పార్సీ నాటకశాలల నుంచి వచ్చినవే. అంటే సినిమాకు ప్రేక్షకుడిని ఇచ్చింది బొంబాయి నాటకశాల, ఇనుప హోటల్ కాదు. నేల టికెట్టు, కుర్చీ, బాల్కనీ అని ఈ దేశంలో తరతరాలుగా సాగిన తరగతుల విభజన నావెల్టీలోనే సినిమాకు అంటుకుంది.

ఆ రోజుల్లో చూసి ఊరుకోని మనిషి ఒకడున్నాడు. హరిశ్చంద్ర సఖారాం భాటవడేకర్ అనే ఫోటోగ్రాఫరు కెమెరాను విదేశం నుంచి తెప్పించుకుని 1899లో హ్యాంగింగ్ గార్డెన్స్‌లో జరిగిన కుస్తీ పోటీని చిత్రించాడు. 1901లో గణితంలో కేంబ్రిడ్జి ర్యాంగ్లర్ (మొదటి శ్రేణి పట్టభద్రుడు) అయి తిరిగివచ్చిన పరాంజపేకు జరిగిన స్వాగతాన్ని కూడా తీశాడు. ఆయన దుకాణం, ఆయన మనుషులు, ఆయన ప్రేక్షకులు అందరూ కోటకు ఉత్తరాన ఉన్న దేశీయుల బొంబాయికి చెందినవారు. చరిత్రను వాట్సన్ హోటల్ ఉన్న కాలా ఘోడా నుంచి కాకుండా దేశీయుల పేట గిర్గావ్ నుంచి మొదలుపెట్టి చూడండి, బొమ్మ వేరుగా కనిపిస్తుంది.

తెరవెనుక రాశారు:

గిర్గావ్‌వాసి గారూ, మీ వాదన నా వాదనకు విరుద్ధమని నేను అనుకోవడం లేదు. నావెల్టీ ఉన్నదెక్కడ? బోరీబందర్ దగ్గర, అదే ఎస్ప్లనేడ్ మైదానపు ఉత్తరపు కొసన. దాని పొరుగున విక్టోరియా టెర్మినస్ రైల్వేస్టేషను ఎదుట 1879లో గేయిటీ నాటకశాల లేచింది, అదే తర్వాతి కాలంలో కేపిటల్ సినిమా అయింది. ఇవన్నీ కోటగోడలు పోయాక ఏర్పడిన నేల మీద వచ్చిన నాటకశాలలే. ధరల విషయంలో మీరు చెప్పింది ముమ్మాటికీ నిజం.

పాతరీలు రాశారు:

మీరిద్దరూ గోడలున్న చోట్ల గురించే మాట్లాడుతున్నారు. 1897 నుంచి పదిహేనేళ్ల పాటు సినిమా ఎక్కువగా బతికింది గోడలు లేని చోట, గుడారాలలో. బొంబాయి చరిత్రకు ఈ ముక్క చాలా అవసరం, ఎందుకంటే ఆ తర్వాత హాళ్లు కట్టింది గుడారాల మనుషులే.

అబ్దులల్లీ ఎసూఫల్లీ సంగతి తీసుకోండి. 1901 నుంచి బర్మా, సింగపూర్, జావా, సుమత్రా, సిలోన్‌లలో గుడారం వేసి బొమ్మలు చూపించి, 1908 తర్వాత భారతదేశంలో తిరిగాడు. ఆయన గుడారం వంద అడుగుల పొడవు, యాభై అడుగుల వెడల్పు ఉండి, వెయ్యి మందిని పట్టేది. మోసుకెళ్లడానికి వీలుగా విప్పదీసే నాటకశాల అన్నమాట. 1914లో ఆయన అర్దేషిర్ ఇరానీతో కలిసి బొంబాయిలో అలెగ్జాండ్రా థియేటరును చేపట్టాడు. 1918లో ఇద్దరూ కలిసి గిర్గావ్‌లో మెజెస్టిక్ కట్టారు. 1931 మార్చి 14న తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ విడుదలైనది ఆ మెజెస్టిక్‌లోనే.

గుడారాల నుంచి హాళ్లకు మారడానికి లాభాపేక్ష ఒకటే కారణం కాదు. అప్పటి ఫిల్ము నైట్రేటుతో చేసినది. ఒకసారి అంటుకుంటే మంటకు కావలసిన ఆక్సిజన్ దానిలోంచే పుడుతుంది కాబట్టి నీళ్లు పోసినా ఆరదు. ఆర్క్ దీపం వేడికి అంగుళం దూరంలో అలాంటి ఫిల్మును పరిగెత్తించేవారు. గుడ్డ కప్పు కింద వెయ్యి మందిని కూర్చోబెట్టి ఈ పని చేయడం ఎంత ప్రమాదమో ఊహించండి. 1918 సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సెన్సారు కోసమే తెచ్చారని చాలామంది అనుకుంటారు గానీ, ప్రదర్శన స్థలాలకు లైసెన్సు, భద్రత అందులో ముఖ్యమైన భాగాలు. ప్రొజెక్టరు గదిని విడిగా, మంట అంటుకోని గోడలతో కట్టి, హాలు వైపు చిన్న కన్నాలు మాత్రమే వదిలి, వాటికి టక్కున మూసుకునే ఇనుప తలుపులు పెట్టే పద్ధతి ఈ భయం నుంచే పుట్టింది. సినిమా హాలును నాటకశాల నుంచి వేరు చేసే మొదటి గది అదే.

ఇక తొలి భారతీయ కథాచిత్రం తీసిన దాదాసాహెబ్ ఫాల్కే విషయానికి వస్తే, ఆయన క్రీస్తు జీవితం మీద తీసిన బొమ్మను చూసి చలించింది గిర్గావ్‌లోని హాలులోనే, ‘రాజా హరిశ్చంద్ర’ను 1913 మే 3న ప్రజలకు చూపింది కూడా గిర్గావ్‌లోని కారొనేషన్ సినిమాటోగ్రాఫ్‌లోనే. చిత్రీకరణ దాదర్‌లోని ఆయన బంగళాలో జరిగింది. అప్పటికి దాదర్ నగరానికి శివారు. వంటిల్లు రసాయనాల గది అయింది, ఆవరణ సెట్టు అయింది. కట్టడాల చరిత్రలో ఆ ఇంటికి చోటు దొరకదు గానీ సినిమా చరిత్రలో అది తొలి స్టూడియోలలో ఒకటి.

పద్మసాలి_మనవడు రాశారు:

ఇంతసేపు ఎవరు నమూనా గీశారు, ఎవరు డబ్బు పెట్టారు అనే చర్చే నడిచింది. ఆ రాళ్లు ఎవరు మోశారన్న సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. పద్దెనిమిదవ శతాబ్దం చివరి నుంచి బొంబాయికి కట్టుబడి పనుల కోసం నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుంచి కామాటీలు వలస వెళ్లారు. కామాటిపుర అనే పేట వాళ్ల పేరు మీదే ఏర్పడింది. ఇవాళ ఆ పేరు వినగానే జనానికి వేరే సంగతులు గుర్తుకొస్తాయి గానీ, ఆ పేట మొదట తాపీ పనివాళ్లదీ, రాతి కూలీలదీ. ఆ తర్వాత తెలంగాణ నుంచి పద్మశాలీలు బట్టల మిల్లులకు వెళ్లారు. మా తాత కూడా ఆ దారిలోనే వెళ్లాడు.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించండి. కామాటిపురకు ఆనుకునే గ్రాంట్ రోడ్డు, ఫాక్‌లాండ్ రోడ్డు నాటకశాలల పేట ఉంది. బొంబాయి వ్యాపారి జగన్నాథ్ శంకర్‌సేఠ్ చలవతో 1846లో గ్రాంట్ రోడ్డు మీద నాటకశాల వచ్చింది మొదలు, పార్సీ నాటక సంస్థలు ఆడినది ఈ చుట్టుపక్కలే. ఆ నాటకశాలలు ఒక్కొక్కటే సినిమా హాళ్లుగా మారాయి. పగలు కోటలో గోథిక్ కమానులు నిలబెట్టే పేటకూ, రాత్రి బొమ్మలాడే పేటకూ మధ్య వీధి మాత్రమే అడ్డం. శంకుస్థాపన ఫలకం మీద గవర్నరు పేరు చెక్కుతారు, కామాటీ పేరు చెక్కరు. అందుకే తెరవెనుక గారు చెప్పిన నేల కథలో ఈ మనుషులకు వరండాలోనైనా చోటివ్వాలి.

ఎలమావి రాశారు:

పద్మసాలి_మనవడు గారి సందేశం చదివాక ఒక సంగతి కలపాలనిపించింది. తెలుగు మాట మొదట తెరకెక్కింది కూడా బొంబాయిలోనే కదా. ‘కాళిదాస్’ బొంబాయిలో ఇంపీరియల్ సంస్థ తీసినది. 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైంది. అందులో తమిళంతోపాటు తెలుగు మాటలు, పాటలు ఉన్నాయి. పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను హెచ్.ఎం.రెడ్డి గారు సురభి నాటక సమాజం వారితో బొంబాయిలో తీశారు. 1932 ఫిబ్రవరి 6న అది మొదట విడుదలైనది కూడా బొంబాయిలోని కృష్ణా సినిమా హాలులోనే. ఎల్.వి.ప్రసాద్ గారు ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’ మూడింటిలోనూ చిన్న వేషాలు వేశారు. మద్రాసులో కాక బొంబాయిలో తెలుగు బొమ్మ మొదట ఆడటం విన్నవాళ్లకు వింతగా తోస్తుంది గానీ, మిల్లుల్లోనూ, కట్టుబడి పనుల్లోనూ ఉన్న తెలుగువాళ్లను లెక్కలోకి తీసుకుంటే అందులో వింతేమీ లేదు.

నాకొక సందేహం ఉంది. విక్టోరియా టెర్మినస్ అంతటి గోథిక్ కట్టడం ఉన్న నగరంలో పేరున్న గోథిక్ సినిమా హాలు ఒక్కటైనా ఎందుకు లేదు? రాతిగోడ గారు చెప్పగలరా?

రాతిగోడ రాశారు:

మంచి ప్రశ్న. దీనికి జవాబు ఒక తండ్రీకొడుకుల కథలోనే ఉంది. విక్టోరియా టెర్మినస్‌ను 1878లో మొదలుపెట్టి 1888లో ముగించినవాడు ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్. కొలాబాలో 1933లో తెరిచిన రీగల్ సినిమాకు నమూనా గీసినవాడు ఆయన కుమారుడు ఛార్లెస్ ఫ్రెడరిక్ స్టీవెన్స్. ఒకే ఇంట్లో ఒక తరం గడిచేసరికి చెక్కిన రాయి పోయి పోసిన కాంక్రీటు వచ్చింది. తండ్రి భవనంలో నెమళ్లు, కోతులు, ఆకులు, లతలు రాతిలో తొంగిచూస్తాయి. కొడుకు భవనంలో నున్నటి గోడ, మెట్లుమెట్లుగా పైకి లేచే గీతలు, అక్షరాలు తప్ప మరేమీ ఉండవు. లోపల మాత్రం కార్ల్ షారా అనే చెక్ కళాకారుడు లేత నారింజ, పచ్చ రంగుల్లో సూర్యకిరణాల నమూనా వేశాడు. కార్ల కోసం నేలమాళిగ ఉంది, గాలిని చల్లబరిచే యంత్రాలు ఉన్నాయి. అప్పటికి మన దేశంలో ఇళ్లకు కరెంటు రావడమే గొప్ప.

గోథిక్ సినిమాకు ఎందుకు పనికిరాలేదన్నదానికి ఇంజనీరుగా నా సమాధానం ఇది. సినిమా హాలులో ప్రతి కుర్చీకీ తెర అడ్డం లేకుండా కనిపించాలి. రాయి, ఇటుకలతో బాల్కనీ కడితే దాని కింద స్తంభాలు నిలబెట్టాలి. నాటకంలో స్తంభం పక్కకు తల తిప్పి చూసినా కొంత సాగుతుంది, తెర విషయంలో సాగదు. ఉక్కు కడ్డీలు పెట్టిన కాంక్రీటు వచ్చాకే వెనుక గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చి, కింద స్తంభం లేకుండా వందల మందిని మోసే బాల్కనీ సాధ్యమైంది. కాంక్రీటుకు గోథిక్ శిల్పం అతకదు. పోతపోసే పదార్థానికి గుండ్రటి మూలలు, బారు చజ్జాలు, నిలువు గీతలు సహజం. ఆర్ట్ డెకో అనే ఈ నున్నటి గీతల శైలి బొంబాయికి ఫ్యాషనుగా వచ్చిందనడం సగం నిజం. పదార్థమే దానిని తీసుకొచ్చిందనడం మిగతా సగం.

నేల కథ కూడా ఇక్కడే కలుస్తుంది. బ్యాక్ బే సముద్రాన్ని పూడ్చే ప్రయత్నం 1860లలో ఒకసారి దివాళా తీసింది. 1920లలో గవర్నర్ జార్జి లాయిడ్ కాలంలో మళ్లీ మొదలై, ఖర్చు హద్దులు దాటి జనం నోళ్లలో ఎగతాళి అయింది. అయినా దక్కినంత నేల మీద ఓవల్ మైదానానికి పడమట, మెరైన్ డ్రైవ్ పొడవునా కాంక్రీటు భవనాలు వరుసకట్టాయి. ఆ వరుసకు ముఖద్వారంలా చర్చిగేట్ ఎదుట 1938లో ఈరోస్ తెరిచారు. నమూనా సోరాబ్జీ భేద్వార్‌ది. రెండు రోడ్లు కలిసే మూలలో పదునుగా లేచి రెండు పక్కలకు రెక్కల్లా విప్పుకున్న ఆ భవనంలో సినిమా ఒక భాగం మాత్రమే. దుకాణాలు, కార్యాలయాలు కలిసిన వ్యాపార భవనం అది. 1860లలో కూల్చిన గోడ నేల మీద గోథిక్, 1920లలో పూడ్చిన సముద్రం మీద ఆర్ట్ డెకో, మధ్యలో ఓవల్ మైదానం. ఆ మైదానంలో నిలబడితే తూర్పున ఒక శతాబ్దం, పడమట ఇంకొక శతాబ్దం కనిపిస్తాయి. 2018లో యునెస్కో ఈ రెండు వరుసలను కలిపే ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అందులో 94 భవనాలు ఉన్నాయి.

గిర్గావ్‌వాసి రాశారు:

రాతిగోడ గారి వివరణ బాగుంది. కానీ ఒక చిక్కును చూడండి. ఆ 94 భవనాలు దక్షిణపు కొసకు చెందినవి. ఫాల్కే బొమ్మ ఆడిన కారొనేషన్ లేదు. ‘ఆలం ఆరా’ ఆడిన మెజెస్టిక్‌ను పడగొట్టి దుకాణాల సముదాయం కట్టారు. నగరానికి సినిమా చరిత్రలో స్థానం తెచ్చిన హాళ్లు పోయాయి, హాలీవుడ్ బొమ్మలు ఆడిన హాళ్లు మిగిలాయి. రీగల్, ఈరోస్, మెట్రో మూడూ ప్రధానంగా ఇంగ్లీషు చిత్రాల కోసం కట్టినవే. మెట్రోను కట్టించింది సాక్షాత్తూ హాలీవుడ్ ఎం.జి.ఎం. సంస్థే, 1938లో, అమెరికా హాళ్లకు పేరుపడ్డ థామస్ ల్యాంబ్ చేత. లోపలి కుడ్యచిత్రాలు బొంబాయి జె.జె. చిత్రకళాశాల విద్యార్థులు వేశారు కాబట్టి ఆ మేరకు మన చేయి ఉంది.

ఈ వరుసలో నాకు నచ్చినది లిబర్టీ. 1949లో హబీబ్ హుసేన్ హిందీ చిత్రాల కోసమే కట్టించిన హాలు అది. హిందీ బొమ్మకు కూడా మెట్రోకు తీసిపోని భవనం కావాలని పంతం పట్టి, పేరులోనే స్వాతంత్ర్యాన్ని పెట్టుకున్నాడు. మెట్రో నుంచి నాలుగడుగుల దూరంలో దాన్ని నిలబెట్టడంలో పోటీ ఉద్దేశం దాగేది కాదు.

ఎలమావి రాశారు:

హాళ్ల సంగతి తెలిసింది. స్టూడియోల కట్టుబడి మీద కూడా ఎవరైనా రాస్తే బాగుండును. మాట వచ్చాక వాటి రూపురేఖలు మారి ఉండాలి కదా?

పాతరీలు రాశారు:

తలకిందులుగా మారాయి. మూకీ కాలపు స్టూడియో వెలుతురు కోసం కట్టినది. ఆరుబయట సెట్టు వేసి, పైన పల్చటి గుడ్డ కప్పి ఎండ తీవ్రతను తగ్గించేవారు. స్తోమత ఉన్నవారు గాజు కప్పు వేసుకునేవారు. సూర్యుడు దిగితే షూటింగు ఆగిపోవాల్సిందే. మాట వచ్చాక సూర్యుడి కంటే చప్పుడు పెద్ద సమస్య అయింది. ‘ఆలం ఆరా’ తీసిన స్టూడియో పక్కనే రైలు పట్టాలుండటంతో, రైళ్లు ఆగిన తర్వాత అర్ధరాత్రి దాటాక చిత్రీకరించేవారు. మాట, పాట, వాద్యం అన్నీ అక్కడికక్కడే ఫిల్ము మీదకు ఎక్కాలి కాబట్టి మైకులను ఆకుల్లో, సామాన్లలో, తారల చుట్టుపక్కల దాచేవారు. వాద్యకారులు కెమెరాకు కనిపించకుండా కూర్చునేవారు. గాజు కప్పు పోయి మందపాటి గోడ, కిటికీలు లేని గది, లోపల శబ్దాన్ని పీల్చే పొరలు రావడానికి ఈ అవస్థే కారణం.

నగరం పటంలో కూడా ఈ మార్పు కనిపిస్తుంది. గ్రాంట్ రోడ్డు, దాదర్‌లు రైళ్ల చప్పుళ్లతో ఇరుకవుతున్న కొద్దీ స్టూడియోలు ఉత్తరానికి జరిగాయి. 1934లో హిమాంశు రాయ్ స్థాపించిన బాంబే టాకీస్ మలాడ్‌లో స్థిరపడింది. అక్కడ స్థలం చవక, నిశ్శబ్దం ఉచితం. అంటే తెరలు దక్షిణాన సముద్రం పూడ్చిన నేలకు వెళ్లిన దశాబ్దంలోనే, చిత్రాలు తీసే చోట్లు ఉత్తరాన పల్లెల వైపు వెళ్లాయి. తెరవెనుక గారి నేల వాదనకు ఈ రెండో చలనాన్ని కూడా కలుపుకోవాలి.

తెరవెనుక రాశారు:

తప్పకుండా కలుపుకుంటాను. రెండు దిశల్లో నేల కోసం పరుగు అన్న మీ సూత్రం నా మొదటి వాదనకంటే బలంగా ఉంది. పద్మసాలి_మనవడు గారు చెప్పిన కామాటిపుర ఆ రెండు దిశలకూ మధ్యలో ఉండటం కూడా గమనించదగినదే.

ఇప్పటి పరిస్థితి అడుగుతూ ఇద్దరు సభ్యులు విడిగా రాశారు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. వాట్సన్ హోటల్ తర్వాతి కాలంలో ఎస్ప్లనేడ్ మాన్షన్ అయి, గదులు చిన్నచిన్న ముక్కలై, పక్కనే కోర్టులుండటంతో వకీళ్ల కార్యాలయాలతో నిండిపోయింది. 2005లో వరండాలో ఒక భాగం కూలింది. 2019లో ఐఐటీ బొంబాయి నివేదిక దాన్ని కూల్చడమే మేలంది. పరిరక్షణ నిపుణులు మరమ్మతు సాధ్యమేనని వాదించారు. అద్దెదారులను ఖాళీ చేయించారు.

రాతిగోడ రాశారు:

ఈ విషయంలో నా అభిప్రాయం స్పష్టం. పోత ఇనుము తుప్పు పట్టినా దాన్ని ముక్క ముక్కగా విప్పి, పాడైన ముక్కను మాత్రమే తిరిగి పోతపోసి బిగించవచ్చు. బోల్టుల కట్టడానికి ఉన్న సుగుణమే అది. రాతి గోడకు ఆ సౌకర్యం లేదు. ఓడలో ముక్కలుగా వచ్చినదాన్ని ముక్కలుగా బాగుచేయలేమని చెప్పడం నాకు మింగుడుపడదు. దెబ్బతీసింది ఇనుము కాదు, దశాబ్దాల పాటు ఎవరూ రంగు వేయకపోవడం, పైన అడ్డదిడ్డంగా కట్టిన అదనపు గదులు, ఎవరి బాధ్యతో తేలని అద్దె చట్టాలు. రాయల్ ఒపెరా హౌస్‌ను చూడండి. 1911లో ఐదవ జార్జి చేతుల మీదుగా ప్రారంభమై, నాటకశాలగా, సినిమా హాలుగా బతికి, 1993లో మూతపడి, 2016లో బాగై మళ్లీ తెరుచుకుంది. యజమాని పూనుకుంటే అయ్యే పని అది.

గిర్గావ్‌వాసి రాశారు:

యజమాని పూనుకోవడానికి యజమాని ఒకరే అయి ఉండాలి, రాజవంశీకులూ అయి ఉండాలి. ఒపెరా హౌస్ గోండల్ రాజకుటుంబానిది. వందమంది అద్దెదారులున్న ఎస్ప్లనేడ్ మాన్షన్‌కు ఆ పోలిక కుదరదు. వాట్సన్‌ను నిలబెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ దాని ముందు ఫలకం పెట్టేటప్పుడు, మెజెస్టిక్ ఉన్న చోటా, కారొనేషన్ ఉన్న చోటా కూడా పెట్టమంటాను. భవనం పోయిన చోట ఫలకం ఇంకా అవసరం.

ఎలమావి రాశారు:

వచ్చే నెలలో ముంబయి వెళుతున్నాను. ఈ చర్చలో వచ్చిన చోట్లను ఒక్క రోజులో నడిచి చూడాలంటే ఏ వరుసలో వెళ్లాలో చెప్పగలరా?

తెరవెనుక రాశారు:

పొద్దున్నే కాలా ఘోడాలో ఎస్ప్లనేడ్ మాన్షన్‌తో మొదలుపెట్టండి. లోపలికి వెళ్లడం కుదరదు గానీ ఇనుప చట్రం వీధిలోంచి కనిపిస్తుంది. అక్కడి నుంచి దక్షిణానికి పది నిమిషాలు నడిస్తే రీగల్. వెనక్కి వచ్చి హైకోర్టు పక్కగా ఓవల్ మైదానాన్ని తూర్పు నుంచి పడమరకు దాటితే ఈరోస్ చేరువలో ఉంటుంది. అక్కడి నుంచి ఉత్తరానికి మెట్రో, దాని దగ్గరే లిబర్టీ. మధ్యాహ్నం తర్వాత చర్నీ రోడ్డు స్టేషను వైపు ఒపెరా హౌస్ చూసి, గిర్గావ్‌లో మెజెస్టిక్ ఉండిన చోట దుకాణాల సముదాయాన్ని కూడా చూడండి. ఓపిక మిగిలితే గ్రాంట్ రోడ్డు మీదుగా కామాటిపుర దాకా వెళ్లవచ్చు. విక్టోరియా టెర్మినస్‌ను మాత్రం ఈ నడకలో ఇరికించకండి. స్టీవెన్స్ తండ్రిగారి ఆ రాతి పనికి ఒక పూట విడిగా కేటాయించాలి.